సున్నం లెక్క

తిత్లీ మా గుడి పెంకులు ఊడ్చుకుపోయిన ఏడాది
గోడకి సిమెంటు పూయించాం.
ఆర్నెల్లకే పెచ్చులు పెచ్చులుగా ఉమ్మేసింది.
"ముసలిదాని చిగుళ్ళకి కొత్త పళ్ళు అతకవండీ ట్రెజరర్ గారూ,
సున్నమే అడుగుతోంది" అన్నాడు గురువులు మేస్త్రి,
గోడ గీకి, వేలు నాలిక్కి రాసుకుని.

ఏ పాళ్ళలో కలపాలో అతనికీ తెలీదు.
కిమిడి మొత్తమ్మీద తెలిసినవాడు లేడు.

వెస్ట్రీ గదిలో, చెదలు దయతలిచి వదిలిన బీరువా.
బాప్తిస్మాల పుస్తకం: ముప్పై ఆరు దాకా తెలుగు,
తర్వాత ఒడియా. మధ్యలో ఒక పేజీ
ఏ భాషా లేకుండా ఖాళీ.
దాని అడుగున కట్టుబడి చిట్టా.
దొర చేతిరాత కాదు,
రైటరు జెకర్యా గుండ్రటి తెలుగు.

సున్నం నలభై బళ్ళు.
ఇసక, మహేంద్రతనయ నుంచి, గాడిదల మీద.
కరక్కాయలు రెండు కుంచాలు, మూడు రాత్రులు నానవలెను.
బెల్లం తొమ్మిది వీశెలు.
గానుగ ఎద్దుకు తవుడు.
కూలీలకు కల్లు (కొట్టేసి, పైన "మజ్జిగ" అని రాశాడు).
గంట, నౌపడా నుంచి చిన్నరైలులో. దించిన కూలి పావలా.
సవర ఆడమనిషి, ఒకర్తె, పరంజా మీదనుంచి పడినది.
ఇంటివారికి ఎనిమిదణాలు.
తాటిమట్టలు.
గీత. మొత్తం.

ఆ పేజీ మీద రాయి పెట్టి, దాని ప్రకారమే కలిపాం.
ఆవరణంతా బెల్లం వాసన.
సండేస్కూలు పిల్లలు వేళ్ళు ముంచబోతే మేస్త్రి కసిరాడు.

తలుపు పక్క పాలరాతి పలక మీద
దొర పేరుంది, దొరసాని పేరుంది,
చందా పంపిన ఊరి పేరుంది,
మాలో ఎవరికీ నోరు తిరగని ఊరు.

ఆదివారం కొండ దిగొచ్చిన సొంబారి ముసలమ్మనడిగాను.
"గుడి కట్టినపుడు ఎవర్తో పడిందని మాయమ్మమ్మ సెప్పీది.
పేరా? ఏటో మరి.
అప్పట్ల సచ్చిపోయినోల పేరు పసిదానికెట్టీవోరు బాబూ.
ఏ కొండమీదో తిరుగుతానే ఉంటాది."

నేను బ్యాంకులో ముప్పైరెండేళ్ళు చేశాను.
జెకర్యా కూడిక మూడుసార్లు చూశాను.
ఎక్కడా దమ్మిడీ తేడా లేదు,
ఆ ఎనిమిదణాలతో సహా.
చూసిన లెక్కకి ఎర్రసిరా టిక్కు పెట్టడం నా అలవాటు.
పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

గోడ ఇంకా తడారలేదు.
బెల్లానికి చీమలు పట్టాయి,
పునాది దగ్గర మొదలై, కిటికీ దాటి,
ఒకప్పుడు పరంజా ఉండిన ఎత్తుకి ఎక్కుతున్నాయి.