చురకలు

బోర్డు మీద పంపా అని రాసుంటే
బోరు మోటర్ల దుకాణమనుకున్న.
భూత్పూర్ బైపాసు దాటినంక వెంచర్ల రాళ్ళ నడుమ
ఒక్కటే లైట్ల ఇల్లు.
నిరుడు అక్కడ ఆముదాల చేను.

మందుల కంపెనీ శ్రీకర్ పట్టుబట్టి తోల్కొచ్చిండు.
"నెలైతే రిటైరవుతున్నవు కాంపౌండర్ సాబ్,
ఎన్నడన్న గిసొంటి కాడ తిన్నవా?"
తినలే.
ముప్పై మూడేండ్లు పశువుల దవాఖాన్ల
డబ్బల బువ్వ తిన్న, చేతుల ఫినాయిలు వాసనతోని.

లోపల చల్లగ, చీకటిగ.
గోడ మీద ఫోటోల గుర్రమెక్కిన పశులకాపరి,
వాని వెనక గడ్డి.
గడ్డి, గడ్డి, మొగులు తాకేదాక గడ్డి.
పంపా అంటె గదేనట. అర్జెంటీనాల బీడు.
మేనేజరు చెప్తుంటె నాకు మాట రాలే.
కరువొచ్చిన ఏడు మక్తల్ల క్యాంపు పెడితె
ఎద్దుకిన్ని కిలోలని చీటీలు రాసినోణ్ని.
గడ్డి అయిపోయిన దినం ఒకామె
నా చీటీనే ఆవు మూతికి పెట్టింది,
కాయితమన్న తింటదేమోనని.
తిన్నది.

మెనూ కార్డుకు తోలు అట్ట.
చెయ్యి పెడితె తెలుస్తది నాకు, లేగదూడది.
ధర చూసిన.
ఆ పైసలు దేవరకద్ర సంతల
మేకపిల్లకు బయానా ఇయ్యొచ్చు.

"ఎట్ల కాల్చాలె సార్? లోపట ఎర్రగనా, నడిమిట్లనా, మొత్తమా?"
అడిగిన పిలగాని రొమ్ము మీద బిళ్ళ: ఏంజెలో.
మొత్తం అన్న.
శ్రీకర్ మొఖం తిప్పుకున్నడు.
మేనేజరు వంగి చెవుల మెల్లగ
"దున్నదే సార్, వేరేది కాదు."
నేనడగనే లే.

వచ్చింది, చెక్క పీట మీద.
పక్కకు పచ్చటి తొక్కు:
కొత్తిమీర లెక్క ఏదో ఆకు, ఎల్లిపాయ, నూనె.
కారం సంగతే మర్చిపోయిండ్రు.
మేనేజరు అటు తిరగంగనే ఏంజెలో
సాసర్ల రెండు పచ్చిమిర్చి పెట్టిపోయిండు.
ఎట్ల తెలిసిందో.

ఇది వెన్నుపూస కింద పండుకునే కండ,
పుట్టినప్పటిసంది పని చెయ్యని కండ.
అందుకే మెత్తగుంటదని శ్రీకర్‌కు చెప్పిన.
కాడి మోసేది మెడ, నాగలి గుంజేది తొడ,
అవి ఈ పీట ఎక్కవు.

అప్పుడు కనవడ్డయి
ముక్క మీద నల్లటి గీతలు, అడ్డం మూడు, నిలువు మూడు.
జబ్బ వాచిన ఎద్దుకు కొడవలి కాల్చి
ఊళ్ళల్ల పెట్టే చురకలు అచ్చం గిట్లనే.
పెట్టకుండ్రి, పెట్టకుండ్రి అని
గొంతు పోయేదాక మొత్తుకున్న,
సూదిమందుందని ఒట్టు పెట్టిన.
నేను బండి కిక్కు కొట్టంగనే
కొడవలి పొయ్యిల పెట్టెటోళ్ళు.

రుచా?
అబద్ధమెందుకు, మస్తుంది.
పొగ, ఉప్పు, కొవ్వు, నడుమ పచ్చిమిర్చి కొరుకుడు.
రెండో ముక్కకు కండ్లు మూసుకున్న.
మూసుకున్నా గీతలు కనవడ్డయి,
తిన్న.

చెయ్యి కడుగుతుంటె వెనక నిలబడ్డడు ఏంజెలో.
"సార్, నేను ఊట్కూరు అంజిలప్పను.
మా బర్రెకు దూడ అడ్డం తిరిగితె రాత్రికి రాత్రి మీరే..."
యాదికొచ్చింది.
టార్చిలైటు పట్టుకొని వణుకుతున్న పోరడు,
మోచేతి దాటి బర్రె లోపట నా చెయ్యి,
దొరికీ దొరకని చిన్న గిట్ట.
"ఆ బర్రె ఉందా?" అన్న.
నవ్విండు.
మడతపెట్టిన తెల్ల టవలు చేతులకిచ్చిండు.
బయట శ్రీకర్ హారను కొడుతుండు.

"మంచిగ కాలిందా సార్," అని అడిగిండు,
"లోపటి దాక?"