వెళ్ళేవాటి పట్టిక

లోపలికి వచ్చేవాటి మీదే మా కళ్ళన్నీ.
క్లైపేద రేవులో ఎవరినడిగినా అంతే:
వచ్చే ఓడకి వంద ప్రశ్నలు,
పోయే ఓడకి ఒక చెయ్యూపు.

మా సర్వర్లకీ అదే అలవాటు చేశాం.
జనవరి పద్నాలుగు, రాత్రి మూడు దాటాక
వాటిలో ఒకటి, చడీచప్పుడూ లేకుండా,
ముక్కూమొహం తెలియని చిరునామాకి
నలభై గిగాబైట్లు మోసుకెళ్ళి దింపి వచ్చింది.
తలుపు ఎవరూ పగలగొట్టలేదు.
తెరిచే ఉంది, మేం బిగించిన రోజు నుంచీ.

"బయటికి ఏవి పోవచ్చో రాశారా?" అన్నాడు ఆడిటర్.
ఏమీ రాయలేదన్నాను, కాస్త గొప్పగానే.
రాయనిది పోదనుకున్నాను మరి.
ఆయన టెంప్లేటు నా వైపు తిప్పాడు.
మనం ఖాళీ వదిలిన చోట
క్లౌడ్ తనంతట తనే నింపుకుంటుందట:
నాలుగు సున్నాలు, ఒక గీత, ఇంకో సున్నా.
అంటే ఎక్కడికైనా. ఏదైనా. ఎప్పుడైనా.
మౌనం అర్ధాంగీకారం అంటారు కదా,
ఇక్కడ సగం కూడా కాదు, నిండుగా అంగీకారమే.

పైగా 'వద్దు' అని రాసే వీల్లేదు ఆ భాషలో.
దానికి తెలిసింది 'సరే' ఒక్కటే.
అందుకని ఒక దొంగ 'సరే' రాయాలి:
నూట ఇరవై ఏడు, సున్నా, సున్నా, ఒకటి.
నీ దగ్గరికి నువ్వు వెళ్ళచ్చు, ఇంకెక్కడికీ కాదు.
అలిగిన మనిషిని గదిలో కూర్చోబెట్టి
నీతో నువ్వే మాట్లాడుకో అన్నట్టుంది, టైపు చేస్తుంటే.

స్టాక్ నడిపాను. పచ్చ రంగు వచ్చింది.
సర్వర్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాయి.
ముందు గడియారం, నూట ఇరవై మూడో పోర్టు:
టైమెంతయిందో కనుక్కొస్తానంది.
అప్పటికే సెకనున్నర వెనకబడి ఉంది పాపం. పోనిచ్చాను.
పేర్లడిగేది, యాభై మూడు, రేవు ఆఫీసు దాకా మాత్రమే.
ప్యాచ్‌లు తెచ్చేది, నాలుగు వందల నలభై మూడు,
ఒకే ఒక్క గిడ్డంగికి.
ప్రతిదాని పక్కనా వివరణ రాశాను, చదివేవాళ్ళున్నట్టు.

మూడో రోజు ఫోను. ద్రెవెర్న నుంచి.
"యోవిలే, మీ బోర్డు చచ్చిపోయింది."
ఏ బోర్డు?
"మంచు బోర్డు. పడవలు కట్టే చోట ఉంటుందే, అది.
మంగళవారం నుంచీ పదకొండు సెంటీమీటర్లే అంటోంది.
నిన్న వాన పడితే పదకొండెలా ఉంటుంది?
మావాళ్ళు స్తింత చేపలకని బయల్దేరుతుంటే ఆపి
గొడ్డలి వేసి చూశాను.
ఏడు."

వెతికితే దొరికింది. అల్మాంతస్ రాసిన ఏడు పంక్తులు.
ఆయన రిటైరై నాలుగేళ్ళు.
గంటకోసారి ఒక్క అంకె,
ఎనభై ఎనభై ఒకటో పోర్టు మీదుగా, మడుగు అవతలికి.
ఎవరూ చెయ్యమనలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు.
ఏ కాగితంలోనూ లేదు.
పైన ఒక కామెంటు మాత్రం: 'వీళ్ళకి కావాలి.'

నేను దొంగ కోసం వేసిన గడియ
ముందుగా ఈయన వేళ్ళ మీద పడింది.
ఆ నలభై గిగాబైట్లు ఎవరింట్లో ఉన్నాయో
ఇప్పటికీ తెలీదు.

ఒక చిరునామా, ఒక పోర్టు తెరిచాను.
వివరణలో రాశాను:
ద్రెవెర్న మంచు బోర్డు. అల్మాంతస్ పెట్టింది.
తీసేసే ముందు స్తాసెని అడగండి.
ఎర్రగా అరిచింది టెంప్లేటు.
స్తాసె పేరులో చివరి అక్షరం నెత్తిన చుక్క ఉంటుంది మాకు,
ఆ చుక్క దానికి పడదట.
చుక్క తీసేశాను, మనసొప్పకపోయినా.
మళ్ళీ నడిపాను.

సాయంత్రం ఆవిడ దగ్గర్నుంచి మెసేజి:
బోర్డు ఏడంటోంది.
ఇప్పుడే చూశా, గొడ్డలీ ఏడే అంది.