రెండు వేళ్ల ఎడం

మొదటి రోజు నాదే తప్పు.
పాలకొల్లు సంతలో కొన్న బుట్ట మూత తీసి
మిరియాన్ని తిన్నగా అటుకుల గూట్లో వదిలేశాను.
కన్ను మూసి తెరిచేలోగా
గదంతా బొచ్చు, దూది ఏకినట్టు.
మిరియం చెవి అంచున ఎర్రటి కుట్టు.
నా మణికట్టు మీద ఇంకోటి.

పశువుల ఆసుపత్రిలో ఏసుపాదం గారు
మందు రాస్తూ, తలెత్తకుండా:
"అది దాని ఇల్లండి.
చెప్పాపెట్టకుండా ఎవరో చొరబడితే
మీరైతే కుర్చీ వేస్తారా?
ముందు మగదానికి ఆపరేషను. ఆనక నెలన్నర ఆగండి.
ఒంట్లో వేడి దిగాలి కదండీ, ఆయ్."

పక్కింటి నూకరాజుది వేరే వైద్యం.
"రెండిట్నీ ఒకే సంచీలో వేసి
స్కూటీ మీద చించినాడ వంతెన దాకా తిప్పు.
లారీ హారను పడిందా,
భయానికి అవే కావలించుకుంటాయి."

కావలించుకుంటాయి, నిజమే.
మొన్నటి తుఫానుకి బడి గదిలో
మేమూ అలాగే అతుక్కున్నాం, ముప్పై గడపల వాళ్లం.
నీళ్లు తీశాక
బియ్యం కొలత దగ్గర మళ్లీ జుట్టూ జుట్టూ.
భయం వేసిన ముడి
తడి ఆరితే జారిపోతుంది.
నేను లేసు అల్లేదాన్ని, నూకరాజూ,
ముడి సంగతి నాకు చెప్పకు.

రొయ్యల చెరువు గట్టున పారేసిన ఇనుప కంచె ముక్కలు
రెండు తెచ్చి నిలబెట్టాను.
ఒకటి చాలదా అంది మా సునీల.
చాలదు. ముక్కు దూరిన చోట పన్నూ దూరుతుంది.
మధ్యలో రెండు వేళ్ల ఎడం:
వాసన దాటాలి, కోపం దాటకూడదు.

రోజూ దీపాల వేళ
దీని గోనె దానికీ, దాని గోనె దీనికీ మారుస్తాను.
మొదట్లో అటుకులు ఆ గోనెని మూలకి ఈడ్చేసేది,
వెనక్కాలితో గచ్చు దబ్బుమనిపించేది.
పదో రోజుకి దాని మీదే పడుకుంది,
ఎవరితోనూ పనిలేనట్టు, అటు తిరిగి.
అటు తిరగడమూ నమ్మకమేనని
నాకు ఆలస్యంగా తెలిసింది.
పుట్టుకతోనే గద్ద నీడ మోసే ప్రాణికి
వీపు చూపించడం చిన్న సంగతా?

రోహిణి కార్తెలో మొత్తానికే మానేశాను.
తడిపిన కుండపెంకు చెరో వైపునా పెట్టి ఊరుకున్నాను.
ఆ ఉక్కలో మనుషులకే
ఒకరి మాట ఒకరికి పడదు.

తొలకరి పడ్డాక
లేసు ఏజెంటు గారి నూలు గది అడిగాను.
ఆ గచ్చు మీద ఏ కుందేలూ తిరగలేదు,
ఏ మూలా ఎవరిదీ కాదు.
పది నిమిషాలు. అంతే.
బాగుందనగానే లేచిపోయే చుట్టంలా
గొడవ రాకముందే వచ్చెయ్యాలి.
చీపురు పక్కన, చేతికి దళసరి గుడ్డ.
మిరియం మీదికి ఎక్కబోయింది.
అరవకుండా చీపురు అడ్డం పెట్టాను.
అటుకులు తరిమింది. ఒక చుట్టు. రెండు.
ఆగింది.
నేను ఊపిరి తీసుకోవడం అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు చక్కెరకేళి ముక్క నలిపి
రెండు నుదుళ్ల మీదా రాశాను.
నాకాయి.
తీపి కోసమేనని నాకు తెలుసు.
మా అత్తగారి ఊళ్లో నాతో మొదట మాట్లాడిన మనిషి కూడా
పంచదార అప్పు కోసమే వచ్చింది.

ఇవాళ పండు తేవడం మర్చిపోయాను.
గరిక ఒకే గుప్పెడు పరిచి, కొక్కెం పట్టుకుని కూచున్నాను.
ఆ చివర ఒక నోరు, ఈ చివర ఒక నోరు.
ఉన్నట్టుండి అటుకులు
తల వంచి, గడ్డం నేలకి ఆనించి
అలా ఉండిపోయింది.
అడుగుతోంది.
అది ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూళ్లేదు.
మిరియం నమలడం ఆపింది.
వాన చూరు మీంచి కారుతోంది.
తెగిన చెవి ఒకసారి విదిల్చి, వంగి,
ఆ నుదుటి మీద ఒక్కటంటే ఒక్క నాకు.
మళ్లీ గడ్డి.

కంచె ముక్కలు ఇప్పుడే తీసెయ్యను.
తలుపు బయట ఏజెంటు గారు లెక్క అడుగుతున్నారు,
ఎన్ని పువ్వులయ్యాయని.
మెల్లిగా మాట్లాడండి, అన్నాను.
ఇవాళ్టికి ఒకటి తక్కువ, రాసుకోండి.