రెండంగుళాల పక్కన

రాయగడ ఆసుపత్రి, కొత్త బిల్డింగు, రెండో అంతస్తు,
మగవాళ్ల వార్డు, తొమ్మిదో నంబరు మంచం.
మలేరియా. నూటమూడు.
పైన తెల్లటి గళ్లు గళ్ల కప్పు
నిరుడు నా చేతుల్తో నేను వేలాడదీసిందే.

లోకమంతా కింద మొదలెట్టి పైకి కడుతుంది.
మాది పైనుంచి కిందికి కట్టే పని.
గోడకి కొట్టిన మేకు మీద బరువు కూర్చుంటుంది, సుఖం.
స్లాబుకి దించిన రాడ్డు మీద బరువు కూర్చోదు,
పొద్దస్తమానం పుట్టింటికి పోతానన్నట్టు
నేలకేసి గుంజుతూనే ఉంటుంది.

మెడ వెనక్కి విరిచి డ్రిల్లు నిలబెడతాం.
బిట్టుకి చిల్లు పెట్టిన కొబ్బరి చిప్ప తొడుగుతాం,
లేకుంటే స్లాబు పొడంతా కళ్లలోకే.
బొక్క పడ్డాక ఊదాలి, రెండుసార్లు కాదు, నాలుగుసార్లు.
ఊదకపోతే యాంకరు రాయిని వదిలి
పొడిని పట్టుకుంటుంది.
నట్టు బిగిస్తూ పోతే లోపలి చీకట్లో దాని మెడ విచ్చుకుంటుంది.
ఇక ఎంత లాగితే అంత బిగుస్తుంది
మా మేనత్త నీలవేణి పంతంలాగ.

ఇవన్నీ నాకు నేర్పినోడు లచ్చు మిన్యాకా,
బిసమ్‌కటక్ అవతలి కొండల కుర్రోడు, ఎడమచేతివాటం.
స్పానరుతో రాడ్డుని మీటి చెవి ఆనించేవాడు.
"గూడ్సు బండి పోనీ, అప్పుడు సెప్తాను" అనేవాడు.
బండి పోయేది. బిల్డింగు ఒళ్లంతా సన్నగా వణికేది.
గిలగిల్లాడిన రాడ్డు కింద సుద్దముక్కతో గీత.
అది విప్పాల్సిందే.

మూడో వరస, నాలుగో రాడ్డు.
అక్కడ బిట్టుకి కమ్మీ తగిలింది.
నిప్పురవ్వ రాలింది, బొక్క రెండు వేళ్ల లోతుకి మించలేదు.
మర్నాడే ఓపెనింగు. కింద షామియానా, పూలకుండీలు.
"సిమెంటు పూసి అతికించెయ్, పలక మూసేస్తుంది" అన్నాడు బెహరా బాబు.
లచ్చు నా మొహం చూశాడు.
నేను అతికించాను.
ఆరొందల యాభై కూలీ తీసుకున్నాను, లెక్కపెట్టి మరీ.

ఇప్పుడు పడుకుని లెక్కపెడుతున్నాను, పలకల్ని.
మూడో వరస, నాలుగోది
సరిగ్గా పదకొండో మంచం మీద.
ఆ మంచం మీద ఒక కంటికి కట్టుతో ముసలాయన,
నోరు తెరుచుకుని నిద్ర.
ఆయన మీద పలక, పలక మీద నీళ్లు నిండిన పైపు.
పైపు మీద నా అబద్ధం.

రాత్రి పదకొండింటికి గూడ్సు వెళ్లింది.
టిక్కుమంది ఎక్కడో.
"సిస్టర్, ఆ మంచం రెండడుగులు జరపండమ్మా."
"కణ హెలా? జ్వరమెక్కిందా?" అంటూ
నా నుదుటి మీద తడిగుడ్డ వేసి పోయింది.

రెండు దాటాక సెలైన్ సూది పీక్కుని లేచాను.
స్టూలెక్కాను. కాళ్లు నావి కావు.
పలకని రెండు వేళ్లతో పైకెత్తి ఫోను లైటు వేశాను.

నా రాడ్డు అలాగే ఉంది, సిగ్గులేకుండా.
దానికి రెండంగుళాల పక్కన
ఇంకో యాంకరు. నిండా దిగిన యాంకరు.
కొత్త రాడ్డు, రెండు వాషర్లు, పైపు నడుముకి క్లాంపు.
నా రాడ్డుని కూడా వదల్లేదు,
బైండింగు వైరుతో తన రాడ్డుకి కట్టేసుకున్నాడు.
వైరు మెలిక ఎడమకి తిరిగి ఉంది.

ఏ పూట వచ్చాడో. డ్రిల్లు ఎవరిచ్చారో.
ఓపెనింగయ్యాక తాళమెవరు తీశారో.
కూలీ ఎవరూ ఇచ్చుండరు.
నాతో మూడు నెలలు ఒకే టిఫిను డబ్బాలో తిన్నాడు,
ఒక్క ముక్క అనలేదు.
ఇప్పుడు కేరళలో ఉన్నాడట. ఆ నంబరు కలవదు.

పలక దించుతుంటే నాలుక మీద పొడి రాలింది,
తెలిసిన రుచే.
ముసలాయన ఒంటికన్ను తెరిచాడు.
తన మీద స్టూలెక్కి నించున్న నన్ను చూసి
కువిలో ఏదో అడిగాడు.
నాకు కువి రాదు.
"లచ్చు" అన్నాను, పైకి చూపించి.

ఆయన కూడా పైకి చూశాడు.
తెల్లగా పలక. అంతే.