రుసుమో వంతెన దాటాక

వంతెనకి ఇవతల మేము ఎడమన నడుస్తాం.
అవతల వాళ్ళు కుడిన.
కింద కగేరా నదికి ఈ సంగతి తెలీదు,
నడిమధ్యన నురగలు కక్కుతూ దూకుతుంది.

దారెస్సలాం రేవులో ఉప్పు ఎక్కించుకుని
నాలుగో రోజు పొద్దుగూకే వేళకి ఇక్కడికి చేరతాను.
ముద్ర వేసే గుమాస్తా నా ముఖం చూడడు,
టైర్లు చూస్తాడు.
గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటాను.
"ఇక నీ కుడి నీది కాదు,"
ర్వెగసిరా చెప్పిన మొదటి పాఠం ఇదే.
ఆయన దగ్గర పదకొండేళ్ళు క్లీనరుగా
జాకీ మోశాను, టీ మోశాను, తిట్లు మోశాను.

మా వైపు రోడ్డుకో భాష ఉంది,
ఎక్కడా అచ్చు కాలేదు.
మలుపు ముందు తారు మీద పచ్చి కొమ్మలు పడున్నాయంటే
ఎవడి బండో చెడిపోయి నిలబడిందని.
ఆకు వాడితే నిన్నటి కష్టం,
తళతళలాడుతుంటే ఇప్పటిది, కాలు తియ్యి.
ఎదురొచ్చేవాడు రెండుసార్లు దీపం ఆర్పి వెలిగించాడా,
ముందు చెట్టు చాటున తెల్ల యూనిఫారం.
ఇక వెనక బండికి ముందు లారీయే కన్ను:
కుడి దీపం కొట్టుకుంటే, ఆగు, ఎదురు వస్తోంది.
ఎడమ దీపమైతే, పోవయ్యా, దారి ఖాళీ.
ముఖం తెలియనివాడి ప్రాణం
మా ఒక్క వేలి మీద ఉంటుంది.

అవతల కొమ్మలు వెయ్యరు.
ఎర్ర త్రికోణం తీసి, అడుగులు లెక్కపెట్టి నిలబెడతారు.
మోటారు సైకిల్ వెనక కూర్చున్న ముసలమ్మకీ హెల్మెట్టే.
రోడ్డు పక్క కెమెరాని సోఫియా అని పిలుచుకుంటారు,
సోఫియా టీ తాగదు, కబుర్లకి లొంగదు,
నువ్వు కాస్త జోరు మీదుంటే చాలు,
ఫోనులో జరిమానా మోగుతుంది.
నెలాఖరు శనివారం పొద్దున
మనుషులు పారలు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు,
బండ్లు ఉండవు.
అలాంటి ఒక పూట కయోంజాలో లారీ కింద పడుకుని
ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టక దొర్లాను.

స్టీరింగు మాత్రం నాతోపాటే వచ్చింది, కుడివైపే ఉండిపోయింది.
అక్కడ నేను రోడ్డు అంచున కూర్చుంటాను,
అరటాకులు మోచేతిని రాసుకుంటూ పోతాయి.
నడి గీత కనపడేది క్లీనరు కటుంజికి.
పంతొమ్మిదేళ్ళ కుర్రాడు.
వాడు "ఊఁ" అంటే దాటతాను,
"ఉహూఁ" అంటే ఆగుతాను.
ముప్పై టన్నుల ఉప్పు వాడి ఊఁ మీద.

ఆ రోజు ర్వమగానా దాటాక ఎగువ దారి.
వెనక చిన్న పికప్పు, నిండా టమాటా బుట్టలు.
మలుపులో బస్సు.
"ఉహూఁ," అన్నాడు కటుంజి.
ఆ మాట వెనకవాళ్ళకీ అందించాలి కదా.
ఇరవై రెండేళ్ళ అలవాటు, వేలు ఆలోచించలేదు,
కుడి దీపం వేసింది.
రాకు, రాకు, రాకు.
వెనక అది ఇలా వినపడింది:
రా, రా, రా.

తర్వాత అన్నీ చప్పుళ్ళే.
నా బ్రేకు. బస్సు హారను.
కటుంజి అరుపు, ఏ దేశపు భాషా కాదు అది.
పికప్పు నా ముందు జానెడు సందులో దూరి
కాలవలోకి ఒక చక్రం దింపి ఆగింది.
టమాటాలు ఆగలేదు,
కొండ దిగి వచ్చిన దారినే వెళ్ళాయి.

దిగింది. యాభై దాటిన మనిషి,
పేరు ముకాన్‌కుసి అని తర్వాత తెలిసింది.
చెంప పగులుతుందని ముఖం సిద్ధం చేసుకున్నాను.
నా నంబరు ప్లేటు చూసింది.
ఇంకా కొట్టుకుంటున్న కుడి దీపాన్ని చూసింది.
స్వాహిలీలో, మెల్లగా,
"ముందు దాన్ని ఆర్పు. ఇంకొకడు నమ్ముతాడు."

ఆర్పి వచ్చేసరికి కటుంజి
యూకలిప్టస్ కొమ్మలు విరిచి వెనక రోడ్డంతా పరిచాడు.
ఆమె త్రికోణం తెచ్చి, కొమ్మల వంక ఒక నిమిషం చూసి,
వాటి మధ్యనే నిలబెట్టింది.

బస్సువాళ్ళూ దిగారు ఏరడానికి.
దొరికినవి దొరికాయి.
చితికినదొకటి నా చేతిలో పెట్టింది, తిను అని.
వెనక ముప్పై టన్నుల ఉప్పు,
సీలు వేసి ఉంది, చిటికెడు తియ్యలేం.
అలాగే తిన్నాం.