దురదృష్టవశాత్తు

వూచ్ నగరంలో పాత నూలు మిల్లు
ఇప్పుడు ఆఫీసుల మేడ.
ఇటుకలు అవే ఎరుపు.
కదుళ్లు తిరిగిన చోట కాఫీ మిషను గిర్రుమంటోంది.
నవంబరు. ట్రామ్ దిగి మెట్లెక్కేసరికి
బూట్ల నిండా బురద మంచు.
రిసెప్షన్ రిజిస్టర్లో నా పేరులో ఒక అక్షరం మింగేశారు.
దిద్దలేదు.
ఉద్యోగం అడగడానికొచ్చి
అక్షరానికి పేచీ పెట్టుకుంటామా!

పదకొండేళ్లు బల్లకి అటువైపు కూర్చున్నదాన్ని.
మనుషుల్ని చేటలో పోసి చెరిగాను,
గింజ ఇటు, తాలు అటు.
ఒక్కో దరఖాస్తుకి ఏడు సెకన్లు, మా మేనేజరు లెక్క.
నాకు నాలుగు చాలేవి.
మార్చిలో కంపెనీ మమ్మల్నే చెరిగింది.
చేట పట్టిన చెయ్యి కూడా
తాలు కావచ్చని ఆ రోజు తెలిసింది.

రిక్రూటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే
దర్జీ నడుముకి ఇంకో దర్జీ టేపు చుట్టడం.
ఊపిరి ఎక్కడ బిగబడితే
అంగుళం తగ్గుతుందో ఇద్దరికీ తెలుసు.

మొదటి రౌండు ఫోన్లో అయిపోయింది.
రెండోది కెమెరా ముందు.
అవతల ఎవరూ లేరు, తెర మీద నా ముఖమే నాకు.
వంటగదిలో కూర్చుని ఖాళీకి నవ్వాను.
"మీ బలహీనత ఏమిటి?" అని రాసి వచ్చింది,
పక్కన ముప్పై సెకన్లు కరుగుతూ.
ఆ ప్రశ్న నాదే.
పాత ఆఫీసులో, ఒక సోమవారం, శాండ్విచ్ తింటూ రాశాను.
ఎన్ని కంపెనీలు తిరిగి వచ్చిందో,
ఏకు మేకై.

మూడోది ఇవాళ.
కలీనా నాకంటే పదిహేనేళ్లు చిన్నది.
"నేను అభ్యర్థిని," అంది,
"ఉద్యోగం రాలేదని నాకు ఫోన్ చేసి చెప్పండి."
బొటనవేలు చెవికి, చిటికెనవేలు నోటికి పెట్టుకుంది.
నేనూ పెట్టుకున్నాను.
ఇద్దరు పెద్దవాళ్లం, గాజు గదిలో,
పిల్లలాటకి కూర్చున్నట్టు.

"హలో... దురదృష్టవశాత్తు..."
"ఎందుకు?" అంది వెంటనే.

నిజం ఫోన్లలో అలా అడగరు.
"సరే, థాంక్స్" అంటారు.
వెనక ఎక్కడో కుక్క మొరుగుతుంది,
లేదా కెటిల్ ఈల వేస్తుంది.
ఆపైన లైను కట్.
ఈ "ఎందుకు"కి నా దగ్గర సరుకు లేదు.
"మీ వివరాలు మా దగ్గర భద్రంగా ఉంటాయి," అన్నాను.
ఆమె ఏదో రాసుకుంది.
తలకిందుల రాత చదవడం నా పాత అలవాటు:
*గొంతు బాగుంది.*

బయట కుర్చీలో ఇంకో అభ్యర్థి,
టై కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.
ఉన్నది ఒక్కటే ఉద్యోగం.
"మీ గొంతు నాకు తెలుసు," అన్నాడు.

"నాలుగేళ్లయింది. బావూటీ సంతలో
బంగాళాదుంపలు తూయిస్తున్నాను, మీ ఫోన్ వచ్చింది.
డబ్బులిచ్చి, సంచీ అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోయాను.
మర్నాడు వెళ్తే
ఆ దుంపల ముసలమ్మ తీసి ఉంచింది,
తడవకుండా పైన గోనె కప్పి."

పేరు అడిగాను. బోగుష్, అన్నాడు.
వెతుక్కున్నాను. నాలో ఎక్కడా లేడు.
ఆ ముఖం, ఆ పేరు, ఆ నాలుగు సెకన్లు,
ఏవీ లేవు.
క్షమించండి అనాలా?
అతని మొహంలో కోపం వెతికాను, సాయంగా ఉంటుందని.
అదీ లేదు.

తలుపు తెరుచుకుంది. అతన్ని పిలిచారు.
అతను లేస్తుంటే చెయ్యి పట్టి ఆపాను,
ఎందుకో నాకే తెలీదు.
"లోపల ఎవర్నో కాదనమంటారు.
దురదృష్టవశాత్తు అని మొదలెట్టకండి.
ఆ మాట దగ్గరే
అవతలి మనిషి వినడం మానేస్తాడు."

"తెలుసు," అన్నాడు బోగుష్,
అద్దాలు పెట్టుకుంటూ.