గట్టు జరిపిన ఆదివారం

పదమూడేళ్ల ల్యాప్‌టాప్.
మూత కీలు విరిగితే
బూడిదరంగు ఉన్నితో కట్టాను.
ముడి గట్టిదే. గొర్రె నాదే.

మధ్యాహ్నం హోగ్నీ వచ్చాడు,
ఫెర్రీ ఇంజన్ గదిలో పనిచేసే కుర్రాడు,
గోళ్ల కింద డీజిల్, జేబులో గోరంత పెన్‌డ్రైవ్.
"పాతది తుడిచేద్దాం సున్వా,
కొత్తది ఎక్కిస్తే గాలిలా నడుస్తుంది."
తుడిస్తే చెయ్యి విరిచేస్తానన్నాను.

నా అల్లిక యంత్రంతో మాట్లాడగల ఒకే ఒక్క ప్రోగ్రామ్
ఆ పాతదాని కడుపులోనే ఉంది.
దాన్ని రాసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది.
మూడువందల పన్నెండు స్వెట్టర్ నమూనాలు.
పడవ ముక్కు, పఫిన్ కన్ను, విరిగిన అల,
నా చేతులు మరిచినవి కూడా అది మరవలేదు.
బ్యాంకు మాత్రం దాన్ని గుమ్మం తొక్కనివ్వదు.
మీ కంప్యూటర్‌కి కాలం చెల్లిందని
రోజుకో ఎర్ర చీటీ.

"అయితే రెండూ ఉంచుదాం," అన్నాడు.
"మధ్యలో గట్టు జరపాలి."

గట్టంటే నాకు తెలుసు.
ఈ నోల్సోయ్ దీవిలో
గడ్డిపొలానికీ కొండమీది మేతకీ మధ్య
ఉన్నది ఒకటే రాతిగోడ.
దాన్ని మూరెడు జరిపినందుకు
మా పెదనాన్నా పక్కింటి యాకుప్పూ
ఒకే చర్చిలో, ఒకే బల్లమీద
పదకొండేళ్లు మాటల్లేకుండా కూర్చున్నారు.
వీడు వేలితో లాగాడంతే.
నీలం పట్టీ ముడుచుకుంది,
పక్కన నలభై గిగాబైట్ల బీడు తేలింది.
దావా లేదు, సాక్షుల్లేరు.

ఏ భాష, అని అడిగింది.
కిందికి, ఇంకా కిందికి పోతే
యాభైవేలమందిమి మాట్లాడే మా భాష!
వాడు నొక్కేలోపు నేనే నొక్కాను.

ముప్పై మూడు శాతం దగ్గర
మొరాయించింది.
సరిగ్గా అప్పుడే నాలుగు గంటల ఫెర్రీ కూత.
"బ్యాటరీ చచ్చింది, వైరు వదులు,
కదిలిందంటే కొత్తదీ ఉండదు, పాతదీ ఉండదు"
అంటూ ఆ వైరు నా మోకాలి కింద తొక్కి పెట్టి
పరిగెత్తాడు.
అంత మాట చెప్పి అంత వేగంగా పోయిన మనిషిని
నేనింకా చూడలేదు.

కూర్చున్నాను.
చేతికందిన సూదులతో ఒక మేజోడు మొదలెట్టాను.
పొగమంచు వచ్చి ఎదురు దీవిని మింగింది,
రుచించలేదేమో, కక్కేసింది.
నాలుగడుగుల దూరంలో నా కాఫీ చల్లారింది.
ఫ్యాను ఉబ్బసం మనిషిలా ఆగి ఆగి రొప్పుతోంది.
మడమ తిప్పేసరికి అరవై.
తిమ్మిరెక్కిన కాలు నాది కాదనుకున్నాను.
బొటనవేలి దగ్గరికొచ్చేసరికి నూరు.

నల్లటి తెర. రెండు వరుసలు.
కొత్తది పైన, పాతది కింద,
ఎంచుకోవడానికి పది సెకన్ల గడువు.

కొత్తదాంట్లో మా భాష సగమే ఉంది.
తెరువు, మూసేయి, దాచు, ఇవి మావే,
ఆ తరవాత ఎవరికో ఓపిక అయిపోయింది,
మిగతాదంతా ఇంగ్లిషు.
ఒక్క చెయ్యే అల్లిన స్వెట్టరు.
పర్లేదు, తొడుక్కుంటాను.
బ్యాంకు నోరెత్తకుండా తలుపు తీసింది.

పాతదాంట్లో నమూనాలన్నీ ఉన్నాయి,
రెండుసార్లు లెక్కపెట్టాను.
తేడా వచ్చింది గడియారంలో.
లోపల ఉన్నది ఒకటే గడియారమట,
దాన్ని ఇద్దరూ చెరోలా చదువుతారట,
వేసవి ఉన్నంతకాలం పాతది గంట వెనకట.
ఈ సంగతి హోగ్నీ తరవాత చెప్పాడు.

చెప్పకముందు వచ్చింది మంగళవారం.
తోర్షావ్న్‌ దుకాణానికి పంపాల్సిన
పఫిన్ కన్ను స్వెట్టర్ పొట్లం కట్టి,
తెర మూలన టైము చూసుకుని,
ఇంకా బోలెడుందని తాపీగా రేవుకి నడిచాను.

ఫెర్రీ అప్పటికే అవతలికి వెళ్లి
తిరిగి వస్తోంది.
డెక్ మీద నిలబడిన హోగ్నీ
నన్ను చూసి రెండు చేతులూ ఊపాడు.
థాంక్స్ చెప్పడానికి ఎదురొచ్చాననుకున్నాడు.

పొట్లం వెనక్కి దాచుకుని
నేనూ ఊపాను.